పాపను ఇంకా బడిలో వెయ్యలేదా?

తిరుపతిలో మూడేళ్లు నిండిన పిల్ల ఇంట్లో కనబడితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "పాపను ఇంకా బడిలో వెయ్యలేదా?" కూరగాయలమ్మే అక్క అడుగుతుంది. కింది పోర్షన్ వాళ్లు అడుగుతారు. ఎప్పుడో పెళ్లిలో కలిసిన బంధువు కూడా బాగోగులు అడగక ముందే ఈ మాట అడుగుతాడు. ఏప్రిల్ వచ్చిందంటే మా వీధి కరెంటు స్తంభాల నిండా అడ్మిషన్ల బ్యానర్లే. వాటి మీద బొద్దుగా ఉన్న పిల్లలు టై కట్టుకుని నవ్వుతుంటారు. మేము మా పాపను ఈ ఏడాది అలాంటి బడిలో వెయ్యలేదు. ఫీజు కట్టలేక కాదు, బద్ధకించీ కాదు. ఆలోచించే మానుకున్నాం. గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే కారణాలు కావు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు బడి సంగతి. చేర్చాలా వద్దా తేల్చుకుందామని ఒక చోటికి వెళ్లి చూశాం. బయట గోడ మీద ఏనుగు, జిరాఫీ బొమ్మలు. లోపల బెంచీల మీద వరసగా మూడేళ్ల పిల్లలు, నాలుగు గీతల పుస్తకంలో చుక్కలు కలుపుతూ అక్షరాలు దిద్దుతున్నారు. ఒక పిల్లోడి చెయ్యి పట్టుకుని టీచర్ పెన్సిల్ నడిపిస్తోంది, వాడు కిటికీ వైపు చూస్తున్నాడు. ఆడుకునేది ఎప్పుడని అడిగితే శనివారం ఆఖరి పీరియడ్ అన్నారు. రోజూ ఇంటికి రెండు పేజీల హోంవర్కు. "పేరెంట్సే అడుగుతారు మేడం. మేం రాయించకపోతే రాయించే స్కూలుకి పోతారు" అన్నారు అక్కడి ప్రిన్సిపాల్. ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఈ వ్యాసం బడులను తిట్టడానికి కాదు, నాలాంటి అమ్మానాన్నలతో మాట్లాడటానికి.

పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టుకు ఎక్స్‌రే తీస్తే వాటిలో ఒక్కటీ కనబడదు, అప్పటికి అదంతా మెత్తటి మృదులాస్థే. తర్వాత ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. మూడేళ్ల వయసుకి రెండో మూడో ఏర్పడి ఉంటాయి. ఆ చేతికి సన్నటి పెన్సిల్ ఇచ్చి గీతల మధ్యలోనే రాయమంటున్నాం. భుజంలో, మోచేతిలో బలం వచ్చాకే వేళ్లకు పట్టు కుదురుతుంది. ఆ బలం పాకడంలో, మెట్లెక్కడంలో, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడటంలో, చపాతీ పిండి పిసకడంలో, తడి బట్టలకు క్లిప్పులు పెట్టడంలో వస్తుంది. పిల్లలు ఈ పనులకు వాళ్లంతట వాళ్లే ఎగబడతారు. "అల్లరి చెయ్యొద్దు, కూర్చుని రాసుకో" అని మనమే ఆపుతాం.

2020 జాతీయ విద్యా విధానం కూడా ఇదే అంటుంది. 3 నుంచి 8 ఏళ్ల దాకా చదువంతా ఆటలతో, చేతిపనులతో, మాటలతో సాగాలని, ఒకటో తరగతి ఆరేళ్లకు మొదలవ్వాలని అందులో ఉంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందనీ అందులోనే రాశారు. ఇదే వాక్యాన్ని కొందరు "అందుకే ఇప్పుడే అక్షరాలు నేర్పేయాలి" అని అర్థం చేసుకుంటున్నారు. నాకు దుఃఖం కలిగించేది ఇదే. మెదడు అంత వేగంగా ఎదిగే కాలం కాబట్టే దానికి సరైన మేత కావాలి. ఆ వయసు మెదడుకు మనుషులు, మాటలు, కదలిక, నిద్ర కావాలి. నాలుగు గీతల పుస్తకం ఆరేళ్లకు తెచ్చినా సరిపోతుంది.

మరి ఇంట్లో ఏం చేస్తుందని అడుగుతారు. మా అత్తమ్మది పలమనేరు వైపు పల్లె. ఊర్నుంచి వచ్చినప్పుడల్లా ఒక సంచిలో చెనిక్కాయలు (వేరుశనగ కాయలు) తెస్తుంది. మధ్యాహ్నం చాప పరిచి ఒలవడానికి కూర్చుంటే పాప వెళ్లి ఎదురుగా కూర్చుంటుంది. కాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి, "అవ్వా, దీంట్లో మూడుండాయి!" అని అరుస్తుంది. "మూడు గింజల కాయ దొరికితే ఊరికే ఒలిచేస్తావా, దాన్ని పక్కన పెట్టు, మీ నాయనకి చూపించాల" అంటుంది ఆమె. అంతే, ఇక మూడు గింజల కాయల వేట మొదలు. ఒక గింజ కాయలు ఒక కుప్ప, రెండు గింజలవి ఒకటి, పుచ్చులు వేరే. ఎక్కువ, తక్కువ, లోపల, బయట, ఖాళీ, నిండు అన్న మాటలన్నీ ఆ చాప మీదే వచ్చేస్తాయి. తన వంతు వచ్చేదాకా ఆగడం వస్తుంది. అవ్వ చిన్నప్పుడు చేను కాడ అడవిపంది వచ్చిన కథ వస్తుంది. అది విన్న ప్రతిసారీ పాప అడిగే ప్రశ్న మారుతుంది. ఏ వర్క్‌బుక్కులో ఇన్ని కలిసి దొరుకుతాయో నాకైతే తెలియదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. పాప ఒలుస్తుంది గానీ గింజ నోట్లో వేసుకోనివ్వం. ఒలిచినంతసేపూ అవ్వ కన్ను పాప చేతుల మీదే ఉంటుంది. మన దేశంలో చిన్నపిల్లల ఊపిరి గొట్టంలో ఇరుక్కునే వాటిలో ముందు వరసలో ఉండేది చెనిక్కాయ గింజే. ఐదేళ్లు వచ్చేదాకా గింజ గింజగా పెట్టకండి. దంచి బెల్లంతో ఉండ చేసి పెట్టండి, పొడి చేసి అన్నంలో కలపండి. బాగా ఆడుకుంటున్న బిడ్డకు హఠాత్తుగా దగ్గు తెర పట్టుకుని, ఊపిరిలో కూత వస్తే, కాసేపటికి తగ్గినట్టున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతక్కండి, గింజ ఇంకా లోపలికి పోతుంది. చెనిక్కాయ పండే జిల్లాలో ఉంటూ ఈ ముక్క తెలియకపోతే కష్టం.

పసిబిడ్డగా ఉన్నప్పటి సంగతికొస్తే, ఆడించడం అంటే బొమ్మలు కొనడమనే అనుకుంటాం. కాళ్లు చాపుకుని, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోసే అవ్వను ఒకసారి గమనించండి. నూనె రాస్తూ కళ్లలోకి చూస్తుంది. బిడ్డ "ఊ" అంటే తనూ "ఊ" అంటుంది. బిడ్డ ఏదో చెప్పినట్టే బదులు చెబుతుంది, మళ్లీ బిడ్డ శబ్దం చేసేదాకా ఆగుతుంది. పసి మెదడులో మాటకు, నమ్మకానికి దారులు పడేది ఇలా వంతులవారీగా సాగే పలకరింపుల్లోనే. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. అప్పటిదాకా బిడ్డతో ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తూ కూర్చోమన్నాడు. బిడ్డ మొదట నవ్వింది, చేతులు చాచింది, పిలిచింది. బదులు రాకపోయేసరికి ముఖం తిప్పుకుని ఏడ్చింది. తల్లి అక్కడే ఉంది, కానీ స్పందన లేదు. ఫోన్ చూసుకుంటూ బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ఇంత ఘోరం జరుగుతుందని నేను అనను. అలసిపోయిన తల్లికి ఆ కాస్త సమయం కూడా కావాలి. కానీ ఇంట్లో నలుగురున్నా నలుగురి ముఖాలూ తెరల మీదే ఉంటే, బిడ్డ ఎవరిని పలకరించాలి?

పాతవన్నీ మంచివేనని కూడా నేను నమ్మను. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యడం, కంటికి కాటుక దిద్దడం, ఏడాది నిండకుండా తేనె నాకించడం, వస అరగదీసి పట్టడం వద్దని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఈ విషయంలో అత్తమ్మతో గట్టిగానే వాదించాను. ఆమె ముక్కులో నూనె మానేసింది, నలుగూ కబుర్లూ మాత్రం మానలేదు. అది సరైన రాజీ అనే నా అభిప్రాయం. కొత్తవాటిలోనూ చెడ్డవున్నాయి. చక్రాల వాకర్ వల్ల పిల్లలు తొందరగా నడవరు, మెట్ల మీద నుంచి పడతారు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన దగ్గర ఇప్పటికీ బారసాల కానుకల్లో వస్తున్నాయి. ఆ డబ్బుతో ఒక మంచి చాప కొని బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఎదురుగా మీరూ పడుకోండి.

ఇదంతా కడుపు నిండినవాళ్ల కబుర్లు, ముందు తిండి సంగతి చూడండి అనేవాళ్లున్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది, 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. కానీ తిండినీ ఆటనూ విడదీసి ముందు ఇది, తర్వాత అది అనడం దగ్గరే తప్పు జరుగుతోంది. ఇనుము తక్కువైన పిల్ల కొత్త వస్తువు ముట్టుకోదు, తల్లి కొంగు వదలదు, తొందరగా అలసిపోతుంది. ఆడని పిల్లతో పెద్దవాళ్లు కూడా తక్కువ ఆడతారు, తక్కువ మాట్లాడతారు. కోస్టారికా పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పిల్లల వైద్యురాలు బెట్సీ లోజాఫ్ గమనించినది ఇదే. "మా వాడు చాలా బుద్ధిమంతుడండీ, పెట్టిన చోటే కూర్చుంటాడు" అని ఎవరైనా మురిసిపోతుంటే నాకు లోపల టెన్షన్ మొదలవుతుంది. ముందు రక్తపరీక్ష చేయించమంటాను.

మన సంగటి మంచిదే, రాగుల్లో ఉన్నంత కాల్షియం మిగతా ధాన్యాల్లో లేదు. కానీ ఒక్క రాగిజావతో రక్తం పట్టదు. గుడ్డు, ఆకుకూర, పప్పు, తినే ఇంట్లో అయితే కోడికాలేయం, పైన నాలుగు చుక్కల నిమ్మరసం కావాలి. పిల్లల నోటికి టీ గ్లాసు అందించే అలవాటు పూర్తిగా పోవాలి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్తను అడిగి తీసుకోవాలి. ఏడాది దాటిన పిల్లలకు ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్ర ఇస్తారు.

తిండితో పాటు ఆట కూడా చేరితే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూశారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో ఒక పరిశోధన చేసింది, ఫలితాలు 2013లో వచ్చాయి. కొన్ని ఊళ్లలో మామూలు సేవలు. కొన్ని ఊళ్లలో ఏం తినిపించాలో తల్లులకు చెప్పారు. ఇంకొన్ని ఊళ్లలో ఏం తినిపించాలో చెప్పడంతో పాటు, బిడ్డ ఆకలిని, కడుపు నిండిన సైగను ఎలా గమనించాలో, ఎలా ఆడించాలో చెప్పి వయసుకు తగ్గ చిన్న బొమ్మలు ఇచ్చారు. చెప్పినవాళ్లు మామూలు గ్రామ కార్యకర్తలే. ఆట కూడా చేరిన ఊళ్లలో పిల్లల మానసిక వికాసం మామూలు ఊళ్ల పిల్లల కంటే మెరుగ్గా కనబడింది.

జమైకా కథ ఇంకా పెద్దది. అక్కడి కింగ్‌స్టన్ పేదపేటల్లో 1986-87లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల ఆగిపోయిన 129 మంది పసిపిల్లలను తీసుకుంది. కొందరి ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారానికి ఒక గంట వెళ్లి, ఖాళీ సీసాలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించడం తల్లికి చూపించారు. కొందరికి పాలపొడి ఇచ్చారు. పాలపొడి వల్ల వచ్చిన మేలు ఎక్కువ కాలం నిలవలేదు. ఆట వల్ల వచ్చింది నిలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆట దక్కిన పిల్లలు దక్కని వాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వారానికి ఒక్క గంట! ఆ గంటలో కార్యకర్త నేర్పింది తల్లికి. మిగతా వారమంతా ఆ ఇంట్లో నడిచింది తల్లి చేతుల మీదుగానే.

ఫోన్ గురించి చాలామంది రాశారు, నేను పొడిగించను. రెండేళ్ల లోపు వద్దే వద్దు, ఐదేళ్ల లోపు రోజుకు గంట మించకూడదు, ఒకటి నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజంతటిలో కలిపి మూడు గంటల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చూపిస్తూ ముద్దలు కూరితే గిన్నె ఖాళీ అవుతుంది. ఎప్పుడు ఆకలేసింది, ఎప్పుడు కడుపు నిండింది అన్నది మాత్రం బిడ్డకు తెలియకుండా పోతుంది. అన్నం నేల మీద పడనివ్వండి, తుడుచుకోవచ్చు.

మూడు గంటల కదలిక ఎక్కడ అంటారా, తిరుపతిలో నిజంగానే కష్టం. పాత వీధులు బండ్లతో నిండిపోయాయి, కొత్త అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కార్లు. వినాయక సాగర్ దాకా వెళ్లాలంటే ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. పిల్లను ఆడించడం తనకు రాదనే మగవాళ్లు నాకు చాలామంది తెలుసు. కాసేపు గుర్రమై వంగితే చాలు, మిగతాది పిల్లలే నేర్పుతారు.

అయినా ఈ ఊరికి ఆట తెలియనిది కాదు. మే నెలలో గంగమ్మ జాతర చూడండి. చంకలో బిడ్డకు కూడా నామకొమ్ము (తెల్లటి సుద్ద) పూసి బైరాగి వేషం వేస్తారు. పోయిన జాతరలో మా పాప దొర వేషం కట్టింది. తాతయ్యగుంట గుడి దాకా నవ్వకుండా, ఎవరెత్తుకుంటామన్నా చేతికి అందకుండా, దొరలాగే నడిచింది. మామూలు రోజుల్లో అంత దూరం నడవమంటే రోడ్డు మీద కూర్చుండిపోయే పిల్ల. వేషంలో ఉన్నప్పుడు పిల్లలు తమను తాము అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటారు. దొర ఏడవడు, దొర పరిగెత్తడు అని వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు. అమ్మ చీరకొంగు కప్పుకుని టీచరాట ఆడినా, లక్కపిడతలతో వంట చేసినా లోపల జరిగే పని అదే.

మా పాప పొద్దున పూట మా వీధి అంగన్‌వాడీకి వెళ్తుంది. "అక్కడికా పంపిస్తున్నారు?" అని ఆశ్చర్యపోతారు. పంపిస్తున్నాం. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. తిండి, టీకా, ఆట ఒకే గొడుగు కింద ఉండాలని మొదలే అనుకున్న వ్యవస్థ దేశంలో అదొక్కటే ఉంది. లోపాలు కళ్లముందే ఉన్నాయి. ఒకే గది, వంట అక్కడే, టీచరమ్మకు పిల్లలతో గడిపే సమయం కంటే యాప్‌లో ఫొటోలు, లెక్కలు ఎక్కించే సమయం ఎక్కువ. మధ్యతరగతి తల్లిదండ్రులు తమ పిల్లలను అక్కడికి పంపి, గది ఎందుకు చాలదని, బొమ్మలు బీరువాలో ఎందుకున్నాయని అడిగితే అవి మారతాయని నా నమ్మకం.

పిల్లతో ఆడేవాళ్లకే తేడా ముందు తెలుస్తుంది. గర్భం నమోదు చేయించుకున్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డ రక్షణ కార్డులో టీకాల పేజీ ఒక్కటే చూస్తాం. ఏ నెలకు ఏం చెయ్యాలో బొమ్మలతో ఉన్న పేజీలు కూడా అందులో ఉన్నాయి, తీసి చూడండి. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోతే, ఏడాదికి పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, ఏడాదిన్నరకు నడవకపోతే, రెండేళ్లకు "అమ్మా రా" లాంటి రెండు మాటలు కలపకపోతే, "వాళ్ల నాయనకీ లేటుగానే మాటలొచ్చాయి" అని ఊరుకోవద్దు. వినికిడి పరీక్షతో మొదలుపెట్టండి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలు, తర్వాతి చికిత్స ఉచితం. అంగన్‌వాడీ టీచరో, ఏఎన్ఎమ్మో దారి చెబుతారు.

ఇన్ని చెప్పాక మిగిలింది తీరిక. మాకు అత్తమ్మ ఉంది, మా ఆయన పని వేళలు బాగున్నాయి. పొద్దున్నే బస్సెక్కి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పోయే అమ్మాయికి, రాత్రి దాకా గెస్ట్‌హౌస్ గదులు తుడిచే ఆమెకు, బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి కోతలకు పోయేవాళ్లకు "బిడ్డతో ఆడండి" అని చెప్పి ఊరుకోవడం అన్యాయం. 2017 నుంచి చట్ట ప్రకారం 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. కాంట్రాక్టరు కింద రోజుకూలీకి వచ్చే ఆమెకు ఈ ముక్క చెప్పేదెవరు? జూన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరుతాయి, లోపల కాయ కోసే చేతుల్లో ఆడవాళ్లవే ఎక్కువ. అక్కడ షెడ్డు పక్కన నీడగా ఒక గది, ఒక చాప, పిల్లలతో మాట్లాడే ఓపికున్న ఒక మనిషి జీతం ఆ వ్యాపారంలో పెద్ద ఖర్చు కాదు. కూలి ఎంతిస్తారని అడిగినట్టే, బిడ్డను ఎక్కడ పెట్టుకోవాలని కూడా ఆమె గేటు దగ్గరే అడగగలగాలి. అడిగినందుకు పని పోకూడదు.